వృద్ధ క్యాన్సర్ రోగులు: నోటి ఆరోగ్యం, పోషకాహారం

క్యాన్సరుకు చికిత్స పొందుతున్న వృద్ధులు బరువు తగ్గడానికి వ్యాధి ఒక్కటే కారణం కాదు. నోరు పూయడం, నాలుక పిడచగట్టడం, కట్టుడు పళ్లు వదులు కావడం వలన ముద్ద మింగుడు పడక, ఎదుట అన్నమున్నా తినలేని స్థితి ఏర్పడుతుంది. ఫలితంగా మందుల మోతాదు తగ్గించవలసి రావడం, ఒక్కొక్కప్పుడు రేడియేషన్ మధ్యలో నిలిపివేయవలసి రావడం జరుగుతున్నది. కనుక నోటి సంరక్షణను చికిత్సలో భాగంగానే పరిగణించవలసి ఉన్నది.

ఉత్తర కోస్తాకు ఈ సమస్యతో ప్రత్యేక సంబంధమున్నది. నిప్పు ఉన్న కొనను నోటిలో ఉంచుకొని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు అక్కడి తీరగ్రామాలలో, ముఖ్యంగా వయసు మళ్లిన మహిళలలో కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి ఈ అలవాటు వలన అంగిలిలో వచ్చే మార్పులను నమోదు చేసిన అధ్యయనం 1971లో ప్రచురితమైంది.

తల, మెడ భాగాలకు రేడియేషన్ ఇచ్చినపుడు సాధారణంగా రెండు, మూడు వారాలలో నోటిపూత ఆరంభమవుతుంది. లాలాజల గ్రంథులు దెబ్బతిని నోరు ఎండిపోతుంది. లాలాజలం లేని నోటిలో పళ్లు త్వరగా పుచ్చిపోతాయి. రేడియేషన్ సోకిన దవడ ఎముకకు మానే శక్తి తగ్గుతుంది. తరువాత పన్ను తీయిస్తే గాయం మానక ఎముక చెడిపోయే ప్రమాదమున్నందున, తీయవలసిన పళ్లను రేడియేషనుకు కనీసం రెండు వారాల ముందే తీయించాలి. ఎముకలకు వ్యాపించిన క్యాన్సరుకు ఇచ్చే జోలెడ్రోనిక్ ఆమ్లం వంటి మందుల వలన కూడా దవడ ఎముక దెబ్బతినవచ్చునని 2003 నుండి వైద్యులు గుర్తించారు. పన్ను తీయించుకోబోయే వృద్ధుడు ఈ ఇంజెక్షన్ సంగతి దంతవైద్యునికి చెప్పకపోవడం తరచుగా జరిగే పొరపాటు.

లీటరు నీటిలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంటసోడా కలిపి రోజుకు పలుమార్లు పుక్కిలించి ఉమ్మివేయాలి. ఆల్కహాలు కలిసిన మౌత్‌వాష్‌లు వాడరాదు. మెత్తని బ్రష్ ఉపయోగించాలి. వేపపుల్ల ఎంత మంచిదైనా పూసిన నోటికి పనికిరాదు. కట్టుడు పళ్లను రాత్రివేళ తీసి నీటిలో ఉంచాలి. నాలుకపై తెల్లని పొర కనిపిస్తే అది శిలీంధ్ర వ్యాధి కావచ్చు, దానికి మందులున్నవి. కీమోథెరపీ వలన తెల్లరక్తకణాలు తగ్గిన రోజులలో నోటిపుండు నుండి సూక్ష్మక్రిములు రక్తంలోకి చేరగలవు. జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

ఆహారం విషయంలో మన ఇళ్లలో పథ్యం పేరిట గుడ్డు, పాలు, పప్పు మాన్పించి వట్టి జావ పోయడం పరిపాటి. రోగికి అప్పుడే మాంసకృత్తులు ఎక్కువ అవసరం. కిలో బరువుకు రోజుకు ఒక గ్రాముకు తగ్గకుండా, వీలైతే ఒకటిన్నర గ్రాముల వరకు ఇవ్వాలని నిపుణుల సిఫారసు. అనగా 50 కిలోల వ్యక్తికి 50 నుండి 75 గ్రాములు. గుడ్డులో ఉండేది సుమారు ఆరు గ్రాములు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి మాత్రం వైద్యుడే మోతాదు నిర్ణయించాలి. మెత్తగా మెదిపిన అన్నంలో ముద్దపప్పు, నెయ్యి, పాలతో కాచిన రాగిజావ, బాగా ఉడికించి మెదిపిన గుడ్డు కొద్దికొద్దిగా ఆరేడు పర్యాయాలు పెట్టవచ్చును. ఆవకాయ, చింతపండు పులుసు, వేడి కాఫీ కొంతకాలం మానాలి. వారానికొకసారి బరువు చూడాలి. ఆరు నెలలలో ఐదు శాతానికి మించి తగ్గితే, అనగా 50 కిలోల మనిషి రెండున్నర కిలోలకు పైగా తగ్గితే, వైద్యునికి తెలియజేయాలి. మింగడమే కష్టమైనపుడు ముక్కు ద్వారా గొట్టం వేసి ఆహారమిస్తారు. దీనిని అంతిమదశకు సూచనగా భావించి కుటుంబసభ్యులు నిరాకరించడం సరికాదు. పుండ్లు మానిన పిదప చాలామందికి గొట్టం తీసివేస్తారు.

2024 అక్టోబరు 29న ప్రారంభమైన విస్తరణ మేరకు 70 ఏళ్లు, ఆపై వయసు గలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ పరిధిలోకి వచ్చారు. అయితే ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకు ఉద్దేశించినది. దంత పరీక్షకు హైదరాబాదు, విజయవాడ, కడపలలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలలను సంప్రదించవచ్చును. వెళ్లేటపుడు రేడియేషన్ తేదీలు, మందుల పేర్లు ఉన్న చీటీని వెంట తీసుకొనిపోవాలి.