హొనొలులు నుంచి సువాకి ముప్ఫై నాలుగున్నర గంటలు

మొన్న వీకెండ్ ఏమీ తోచక మ్యాపులు చూస్తూ కూర్చున్నా. హవాయిలోని హొనొలులు నుంచి ఫిజీలోని సువాకి గాల్లో గీత గీస్తే 5,100 కిలోమీటర్లకి కాస్త తక్కువ. రెండూ దీవుల మీది ఊళ్ళే, మధ్యలో అంతా పసిఫిక్. ఇప్పుడు డైరెక్ట్ ఫ్లైట్ సుమారు ఆరున్నర గంటలు. కాకపోతే అది దిగేది సువాలో కాదు, అదే దీవికి అవతలి వైపున్న నాడీలో (పలకడం మాత్రం ‘నంది’). అక్కణ్ణించి సువాకి బస్సులో ఇంకో నాలుగు గంటలు. అమీర్‌పేట నుంచి శంషాబాద్ వెళ్ళే మనకి ఇదేం కొత్త కాదు లెండి.

ఈ దూరాన్ని మొదటిసారి విమానంలో దాటింది 1928 జూన్‌లో. ఆస్ట్రేలియా వాళ్ళు కింగ్స్‌ఫర్డ్ స్మిత్, ఉల్మ్ పైలట్లు. అమెరికా వాళ్ళు లయన్, వార్నర్‌లలో ఒకరు దారి చూడ్డానికి, ఒకరు రేడియోకి. విమానం పేరు సదరన్ క్రాస్, మూడింజన్ల ఫోకర్. పైలట్లకీ వెనక ఇద్దరికీ మధ్య పెట్రోలు ట్యాంకు అడ్డం, పైగా ఇంజన్ల హోరు. అందుకని చీటీలు రాసి కర్ర చివర పెట్టి అందించుకునేవారు. అదే వాళ్ళ చాట్ విండో అన్నమాట!

నాకు బాగా నచ్చింది మాత్రం నేలమీది సంగతి. అంత దూరానికి సరిపడా పెట్రోలు నింపితే ఆ బరువుతో లేవడానికి హొనొలులు దగ్గరి వీలర్ ఫీల్డ్ చాల్లేదు. అందుకని పక్కనున్న కవాయి దీవికెళ్ళి, బార్కింగ్ శాండ్స్ అనే చోటు నుంచి జూన్ 3న లేచారు. వానలూ తుఫాన్లూ దాటుకుంటూ సువాలో దిగేసరికి జూన్ 5. తేదీలు తీసేసి లెక్క కట్టారో, తప్పులో కాలేసినట్టే. మధ్యలో డేట్‌లైన్ ఒక రోజు మింగేసింది. అసలు పట్టింది 34 గంటల 30 నిమిషాలు, అంటే గంటకి 150 కిలోమీటర్ల లోపే. దిగింది ఎయిర్‌పోర్టులో కాదు, ఊరి మధ్య ఆల్బర్ట్ పార్క్ అనే ఆటస్థలంలో. ముందుగానే అక్కడ చెట్లు కొట్టించి, తీగలు తీయించారు. విమానానికి బ్రేకుల్లేవు, స్థలం అయిపోతుంటే స్మిత్ గిర్రున తిప్పి ఆపాడు.

అప్పటికి ఆ దీవులకి మనవాళ్ళు వెళ్ళడం మొదలై పాతికేళ్ళు. 1903 నుంచి 1916 దాకా మద్రాసులో ఓడెక్కి, తమిళులూ మలయాళీలతో పాటు తెలుగువాళ్ళూ చెరుకుతోటల్లో పనికి వెళ్ళారు. అగ్రిమెంట్ అన్నమాట నోరు తిరగక గిర్మిట్ అయింది. ఓడ ప్రయాణం నెల పైనే. ఒప్పందం ఐదేళ్ళు. అది అయ్యాక సొంత డబ్బుతో వెనక్కి రావచ్చు, ఊరికే ఓడ ఎక్కాలంటే మాత్రం పదేళ్ళు ఉండాలి. స్మిత్ ఆ దూరాన్ని పెట్రోలు డబ్బాల్లో లెక్కేశాడు, వీళ్ళు ఏళ్ళలో లెక్కేసుకున్నారు. చాలామంది తిరిగి రానేలేదు.

ఇక సదరన్ క్రాస్ సంగతి. నిండు ట్యాంకుతో ఆ పార్కులోంచి లేవడం అయ్యే పని కాదు. దాంతో నసెలాయి అనే బీచ్‌కి తీసుకెళ్ళి, ఇసుక మీంచి జూన్ 8న లేపారు. మర్నాడు బ్రిస్బేన్‌లో దిగింది.