మన పండుగలో నవ్వించే విద్య

పగటి వేషాల్లో కోయదొర వేషం ఒకటి. నెమలీకలు, పూసలు, అర్థంలేని మాటలు, చేయి చూసి జాతకం చెప్పడం. సినిమాలూ అదే చూపించాయి. కోయభాష ఒక్క ముక్క రాకుండానే కోయవాడి పేరుతో నవ్వించారు. హాస్టళ్ళలో, కాలేజీల్లో మన పిల్లలు ఆ ఎగతాళి ఇప్పటికీ వింటూనే ఉన్నారు. అందుకే హాస్యం అనగానే మనలో కొందరు వెనక్కి తగ్గుతారు. కానీ నవ్వించే విద్య మనకూ ఉంది.

భద్రాచలం చుట్టుపక్కల కోయ, కొండరెడ్డి గూడేల్లో విత్తనాలు వేసేముందు భూమి పండుగ చేస్తారు. వెనుకటి రోజుల్లో ఆ పండుగకు మగవాళ్ళు వేటకు పోయేవారు. ఉత్త చేతులతో వచ్చినవాళ్ళను ఆడవాళ్ళు వదిలేవారు కాదు. ఎగతాళి చేసేవారు, పేడనీళ్ళు చల్లేవారు. అవి ముందే రాసుకున్న మాటలు కావు. ఎదుటివాడి ముఖం, నడక చూసి అప్పటికప్పుడు పుట్టినవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది గానీ, నవ్వు నేరం కాలేదు.

మన కొమ్ము ఆటలో మగవాళ్ళు అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని దున్నల్లా ఢీకొంటారు. ఆదిలాబాద్ గోండుల దండారిలో గుస్సాడీలు నెమలి ఈకల టోపీతో ఆడతారు, చూసేవాళ్ళను ఆటపట్టిస్తారు, దేవుడి రూపంగా మొక్కులూ అందుకుంటారు. ఆ ఆట నేర్పిన మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది.

జాక్ లెకాక్ అనే ఫ్రెంచి గురువు 1956లో పారిస్‌లో నాటక బడి పెట్టారు. 1960లలో ఒకసారి విద్యార్థులను నవ్వించమని అడిగారు. ఎన్ని చేష్టలు చేసినా ఎవరికీ నవ్వు రాలేదు. ఓడిపోయి, చిన్నబోయి కూర్చోబోతుంటే అందరూ పకపకా నవ్వారు. ఓటమిని దాచకుండా చూపడమే అక్కడ విదూషకుడి పాఠమైంది. జంతువుల కదలికను ఒంటితో పట్టుకోవడం కూడా ఆ బడిలో నేర్పారు. ఉత్త చేతుల వేటగాడు, కొమ్ముల దున్న మన గూడెంలో ఎప్పటి నుంచో ఉన్నాయి.

ఆశ్రమ పాఠశాల టీచర్లు వీటితోనే మొదలుపెట్టవచ్చు. వేట దొరకని మనిషి ఊరు చేరే నడకను మాట లేకుండా చేయించండి. పడేముందు ఒక్క క్షణం ఆగి, చూసేవాళ్ళ వైపు చూడాలి. మోకాళ్ళు వంచి, గడ్డం ఛాతీకి ఆనించి, మెత్తని నేలమీద పక్కకు ఒరగాలి. జంటగా ఆడేటప్పుడు ఒకరు రాయిని చూపి అడవిపంది అంటే రెండోవారు కాదనకూడదు. అవునని, దానికో తోక తగిలించాలి.

ఒక్క తేడా పిల్లలకు చెప్పాలి. కోయదొర వేషం మన పుట్టుకను చూసి నవ్వింది. మన ఆడవాళ్ళు ఆ రోజు ఓడినవాణ్ణి చూసి నవ్వారు, తర్వాత అతనితో కలిసే విత్తనాలు వేశారు. ఆ మాటలు ఇంకా గుర్తున్న అవ్వలు మన గూడేల్లో ఉన్నారు. ఈ ఏడు భూమి పండుగకు వాళ్ళ దగ్గర కూర్చుని, కోయభాషలోనే రాసుకుందాం.