ఫ్యూజు కాపాడేది తీగనే

మన సంఘ సభ్యుల్లో చాలామంది పదవీ విరమణ సొమ్ముతో ఇల్లు కట్టుకున్నవారే. నేనూ అంతే. స్లాబుకు నీళ్ళు కొట్టే మోటారు తీగ తడి ఇసుక మీదుగా వెళ్ళేది. ఒకనాడు టేపు ఊడిన అతుకు తగిలి తాపీ మేస్త్రి ఎగిరిపడ్డాడు. దైవికంగా ప్రాణం దక్కింది. మీటరు దగ్గర ఫ్యూజు మాత్రం చెక్కు చెదరలేదు. జీవితమంతా కరెంటు శాఖలో పనిచేసిన నాకు తల తీసేసినట్లయింది.

ఫ్యూజు పుట్టింది తీగ వేడెక్కి కాలిపోకుండా చూడడానికి. అయిదు ఆంపియర్ల ఫ్యూజు అంతకు మించితేనే కరుగుతుంది. మనిషి గుండె లయ తప్పడానికి అందులో నూరోవంతు చాలవచ్చు.

ఈ తేడాను కొలిచి చూపినవారు అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ ఆచార్యులు చార్లెస్ డాల్జియెల్. స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారిపై పరీక్షలు జరిపి, పట్టుకున్న తీగను మగవారు సగటున 16 మిల్లీ ఆంపియర్ల వరకే వదలగలరని తేల్చారు. అది దాటితే కండరాలు బిగుసుకుని చెయ్యి రాదు. 1961లో ఆయన ఒక పరికరం రూపొందించారు. క్యాషియరు జమాఖర్చులు సరిచూసినట్లు, అది వెళ్ళిన కరెంటునూ తిరిగి వచ్చినదాన్నీ సరిచూస్తుంది. 5 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. 1970లలో అమెరికా నిబంధనలు దీన్ని కట్టడాల స్థలాలకు తెచ్చాయి. బ్రిటన్‌వారు మరో దారి పట్టారు: పనిముట్లకు 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, దాని మధ్యబిందువుకు ఎర్త్ ఇచ్చారు. తీగ తగిలినా భూమికి 55 వోల్టులే.

మన దేశంలో భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. అయితే పది లక్షల రూపాయలు మించని సొంత ఇల్లు కట్టుకునేవారికి అది వర్తించలేదు. ఆనాడు మనవంటివారి ఇళ్ళన్నీ ఆ లెక్కలోవే. 2020లో ఆ చట్టాన్ని కొత్త వృత్తి భద్రత కోడ్‌లో చేర్చారు.

చట్టం ఏమన్నా, మన గుమ్మంలో పనిచేసేవారి ప్రాణం మన పూచీయే. మీ పిల్లలు ఇల్లు కట్టిస్తుంటే ఒకసారి వెళ్ళి చూడండి. తాత్కాలిక కనెక్షనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. దాని టెస్ట్ బటన్ తరచుగా నొక్కి చూడండి. మోటారుకు, వైబ్రేటరుకు ఎర్త్ ఉండాలి. తీగలు నేలమీద కాక ఎత్తున కట్టించండి. సాకెట్లో అగ్గిపుల్లలతో వైర్లు గుచ్చనివ్వకండి.

మా మేస్త్రి మర్నాడు పనిలోకి వచ్చాడు. అతడు వచ్చేలోగా తీగ మార్పించాను. ఆ పని ముందే చేసి ఉండవలసింది.