మోదుగ చెట్టు - తులిప్ గడ్డ

మాఘము కడచి ఫాల్గుణము వచ్చునప్పటికి చంద్రపురము చుట్టును గల అడవులలో ఆకు రాలిపోవును. టేకు చెట్లు మోడులై నిలుచును. ఆ బోసి కొమ్మల నడుమ మోదుగ మాత్రము కొమ్మ కొమ్మకును నిప్పు ముట్టించినట్లు పూచును. బల్హార్షాలో రైలెక్కి దక్షిణమునకు పోవువారు వార్ధా నది దాటిన పిమ్మట కిటికీ యొద్ద కూర్చున్నచో ఈ ఎరుపు దారిపొడుగునను అక్కడక్కడ కనబడుచునే యుండును. మహారాష్ట్ర మెచ్చట ముగిసినదో, తెలంగాణ మెచ్చట మొదలైనదో ఆ చెట్లను చూచి చెప్పుట కష్టము. మరాఠీవారు దానిని పళస్ అందురు. మనము మోదుగ అందుము. సంస్కృతమున పలాశము, కింశుకము. పూవు చిలుక ముక్కువలె వంపు తిరిగి యుండుటచే "ఇది చిలుకయా యేమి?" అను అర్థముతో కింశుక నామము వచ్చినదని పెద్దలు చెప్పుదురు.

ఇట్టి చెట్టును తోటలో కోరి నాటినవారిని నేను చూడలేదు. కొట్టించినవారిని చూచితిని. వారిలో నేనొకడను. ఇల్లు కట్టుకొనుటకు స్థలము కొన్ననాడు దానిలో తూర్పు మూల ఒక ముదురు మోదుగ యుండెను. మాను వంకర, కొమ్మలు వంకర, ప్రహరీ గోడకు అడ్డము. మేస్త్రి అడిగినాడు, నేను సరే యంటిని. ఒక పూటలో పని ముగిసినది.

కొన్ని యేండ్ల తరువాత మా పిల్లలు కాశ్మీరమునకు పోయి వచ్చిరి. శ్రీనగరమున జబర్వాన్ కొండల పాదమున నున్న తులిప్ ఉద్యానవనమును చూచి, "మన ముంగిట ఇవి ఏల పెంచరాదు?" అని పట్టుబట్టిరి. ఆరు గడ్డలు తెప్పించితిమి. చూపునకు ఉల్లిగడ్డలే. రెండు నెలలు ఫ్రిజ్జులో కూరగాయల అరలో దాచి, డిసెంబరులో తూర్పు మూలనున్న కుండీలలో నాటితిమి. ఆకులు వచ్చినవి. కాడ రెండంగుళములైనను లేవలేదు. మొగ్గ ఆకుల సందుననే విచ్చి, విచ్చినట్లే వాడినది. మార్చిలో త్రవ్వి చూడగా గడ్డ చీలి వెల్లుల్లి రెబ్బలవలె చిన్న చిన్న పిలకలైనది. అవి మరుసటి యేడు పూయలేదు.

తప్పు గడ్డది కాదు, అమ్మినవానిదియు కాదు. తులిప్ మధ్య ఆసియా కొండలలో పుట్టినది. వేసవిలోనే గడ్డలోపల పూమొగ్గ రూపొందును గాని, కాడ సాగుటకు సుమారు 12 మొదలు 16 వారముల చలి, అదియు 9 డిగ్రీలకు లోపు చలి, దానికి కావలెను. పూచిన పిమ్మట చల్లని వసంతము కొన్ని వారములు నిలిచిననే ఆకులు ఆహారమును సమకూర్చి క్రొత్త గడ్డను పెంచగలవు. చంద్రపురమున వసంతము పట్టుమని పది దినములు నిలువదు. మే నెలలో ఎండ 46, 47 డిగ్రీలకు పోవుట మనకు వింత కాదు. ఢిల్లీ నగరములో ఇటీవలి యేండ్లలో లక్షలాది తులిప్‌లు పూయుచున్న మాట నిజమే. కాని ఆ గడ్డలలో పెక్కు హాలెండు నుండి దిగుమతి యైనవి. రాజధాని ఖజానాకు అది తగును.

ఇంత సుకుమారమైన పూవు లోకమును ఎట్లు ఆడించినదో తలచినచో ఆశ్చర్యము కలుగును. బాబరు తన ఆత్మకథలో కాబూలు ప్రాంతపు కొండలపై ముప్పదికి పైగా తులిప్ జాతులను లెక్కించినట్లు వ్రాసికొన్నాడు. తురుష్కుల చరిత్రలో 1718 నుండి 1730 వరకు గల కాలమునకు తులిప్ యుగమనియే పేరు. క్లూసియస్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1593లో లైడెన్ నగరమునకు వచ్చి, తన వెంట తెచ్చిన గడ్డలను అచ్చటి విశ్వవిద్యాలయపు తోటలో నాటెను. నలువది యేండ్లు తిరుగునప్పటికి డచ్చివారికి అది పిచ్చియైనది. 1636-37 శీతకాలమున నేలలో నిద్రించుచున్న గడ్డలను ఎవరును చూడకయే, కాగితములపై చేతులు మార్చిరి. వారే దానిని గాలి వ్యాపారమనిరి. నేర్పరియైన పనివాని యేడాది కూలికి పది రెట్లు ఒక్క గడ్డకు పలికిన దినములు కలవు. 1637 ఫిబ్రవరిలో హార్లెమ్ నగరమున కొనువారు లేక ధరలు కూలినవి. దేశమంతయు దివాలా తీసినదనుట అతిశయోక్తియని నేటి చరిత్రకారుల మాట. అన్నిటికంటె ఎక్కువ వెల పలికినవి చారల పూవులు. ఆ చారలు పేనుబంక వ్యాపింపజేయు ఒక వైరసు తెగులు వలన వచ్చినవని 1928లో గాని తేలలేదు. రోగమునకు అంత వెల పెట్టిన తోటమాలులు మరి యే దేశమునను ఉండరేమో!

ఆ డచ్చివారు మనకు క్రొత్తవారు కారు. 1605 నాటికే మచిలీపట్నమున వర్తకమునకు దిగిరి. హార్లెమ్‌లో గడ్డల బేరము సాగుచున్న ఆ శీతకాలముననే వారి కంపెనీవారు మన తీరమున అద్దకపు బట్టలు కొనుచుండిరి. ఆ బట్టలపై పూవులు వాడవు గదా. గడ్డలకంటె అది మేలైన బేరమని నా తలంపు.

మోదుగకు ఇట్టి కీర్తి లేదు. అయినను చరిత్ర లేకపోలేదు. 1757లో క్లైవు గెలిచిన యుద్ధము జరిగిన పలాశీ గ్రామమునకు ఈ చెట్టు వలననే ఆ పేరు కలిగినది. దానిని శాస్త్రలోకమునకు బొమ్మతో పరిచయము చేసిన గ్రంథములలో ఒకటి తెలుగునాట పుట్టినది. విలియం రాక్స్‌బరో 1781 నుండి 1793 వరకు గోదావరి మండలపు సామర్లకోటలో ఉండి, దేశీయ చిత్రకారులచే మొక్కల బొమ్మలు వ్రాయించెను. 1795లో లండనున మొదలైన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథములో మోదుగయు, తీగమోదుగయు ఉన్నవి. ఆ పుటలలో తెలుగు పేర్లకు చోటిచ్చినందుకు మనము ఆయనకు ఋణపడియున్నాము. శాస్త్రనామములోని బ్యూటియా యను మాట మాత్రము, మోదుగ నీడలో ఎన్నడును నిలువని బ్యూట్ ప్రభువు నుండి వచ్చినది.

మన యిండ్లలో దాని వాడుక నేను వేరుగా చెప్పనక్కరలేదు. విస్తరాకు అది. ఉపనయనమున వటువు చేతి దండము అది. హోమమున సమిధ అది. కాముని పున్నమికి ఆ పూవులు మరిగించి వసంతము తీయుదురు. లక్క పురుగు దానిపై పెరుగును; వేరు నారతో త్రాళ్లు పేనుదురు. మన తెలుగువారు ఈ జిల్లాకు ఒక్కసారిగా వచ్చినవారు కారు. గోదావరి యొడ్డున తెలుగు మాటాడు సిరొంచా 1874లో చందా జిల్లాలో చేరెను; 1982 నుండి అది గడ్చిరోలి జిల్లాలో నున్నది. ఆదిలాబాదు జిల్లాలోని రాజురా తాలూకా 1956లో బొంబాయి రాష్ట్రమునకు వచ్చెను. కాజీపేట రైలుమార్గము 1929లో కలిసిన పిమ్మట గనులకును, మిల్లులకును వచ్చినవారు మరి కొందరు. ఎవరు ఎప్పుడు వచ్చినను పెండ్లి పందిరిలో విస్తరి కుట్టుటకు మోదుగ ఇచ్చట ముందే యుండెను. మరాఠీ పొరుగువారు, ఎక్కడికి పోయినను పళసుకు మూడే ఆకులని సామెతగా చెప్పుదురు. లోకరీతి ఎల్లెడల ఒకటే యని వారి భావము. మొదటిసారి వినినపుడు నాకది వలస వచ్చినవారిని గూర్చిన మాటవలె తోచినది.

ఇక తోట సంగతి. మోదుగను పొగడుచు దాని దోషములు దాచరాదు. పూవునకు వాసన లేదు. మాను తిన్నగా పెరుగదు. విత్తు నుండి పెంచినచో పూయుటకు ఏండ్లు పట్టును. తల్లివేరు లోతుగా దిగును గనుక కుండీలో పెంచి తరువాత పీకి నాటుట కూడని పని. క్వార్టర్ల ముంగిట నాలుగు గజముల చోటులో దానిని నాటుమని నేను చెప్పను. అట్టి చోట గడ్డపూవు కావలసినచో నేలసంపెంగ యున్నది. అదియు మెక్సికో నుండి వచ్చినదే గాని మన యెండకు అలవాటు పడినది. సాయంకాలము ఇల్లంతయు పరిమళించును. కాని సొంత స్థలము, పెరడు గలవారు, సంఘ భవనమునకు చోటు చూచుచున్నవారు, నల్లరేగడి నేలలో నీరు నిలిచినను ఓర్చుకొను చెట్టు కావలెనన్నచో దీనినే నాటవచ్చును. జూనుకు ముందు పండిన కాయ తెచ్చి, వెంటనే విత్తవలెను. కాయ కొననుండు విత్తనము ఒక్కటే. నిలువయైనచో మొలక శక్తి త్వరగా పోవును. తేనెపిట్టలును, గోరువంకలును వాటంతట అవే వచ్చును.

మా తూర్పు మూల కుండీలు ఇప్పుడు ఖాళీగా నున్నవి. మోదుగకు వేళ్ల నుండి పిలకలు లేచు గుణము కలదని మేస్త్రికిని తెలియదు, నాకును తెలియదు. పోయిన వానకాలమున ప్రహరీ గోడకు అవతల, మునిసిపాలిటీ కాలువ గట్టుపై, మూడాకుల పిలక యొకటి జానెడు లేచినది. మేకలు కొరుకకుండ దాని చుట్టు నాలుగు తుమ్మకంపలు పెట్టి వచ్చితిని.