కాపీ ఎక్కడుంది? తాళం ఎవరి దగ్గరుంది?

మొన్న మా టీములో కొత్తగా చేరిన కుర్రాడికి ఆఫీసు లాప్‌టాప్ ఇచ్చారు. పక్కన కూర్చుని సెటప్ చేయిస్తున్నాను. డిస్కు ఎన్‌క్రిప్షన్, రెండంచెల లాగిన్, రోజువారీ పనికి అడ్మిన్ హక్కుల్లేని అకౌంటు... అన్నీ ఓపిగ్గా విన్నాడు గానీ, "నీ సొంత మెయిళ్ళకి బ్యాకప్పు ఉందా?" అని అడిగేసరికి నవ్వేశాడు. "అన్నా, ఇంకా ఏ కాలంలో ఉన్నావ్? అంతా క్లౌడ్‌లోనే ఉందిగా!"

నేనేమీ అనలేదు. వాడి వయసులో నేనూ ఇలాంటి మాటే అన్నాను మరి. అప్పట్లో నా మాట: "డీ డ్రైవులో కాపీ ఉందిగా!"

రిటైరయ్యాక మా నాన్నగారు తెనాలిలో నెట్ సెంటరుకెళ్ళి నాకు వారానికో మెయిలు రాసేవారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. సర్వరులో చోటు తక్కువని నేను వాటిని పాప్ పద్ధతిలో అవుట్‌లుక్‌లోకి దించుకుని, సర్వరులో చెరిపేసేవాణ్ణి. ఆఫీసువీ సొంతవీ కలిపి అన్నీ ఒకే పీఎస్టీ ఫైలు. 2002 వెర్షను దాకా అవుట్‌లుక్‌లో ఆ ఫైలుకి 2 జీబీ హద్దు ఉండేది. ఆ హద్దు తగిలితే ఫైలే పాడయ్యే ప్రమాదం. 2006లో నాదీ పాడైంది. రిపేరు టూలు నడిపితే మీటింగు పిలుపులు బోలెడు తిరిగొచ్చాయి, నాన్నగారి మెయిళ్ళు రాలేదు. డీ డ్రైవులో కాపీ అంటారా? ప్రతి శుక్రవారం పాత కాపీ మీదే కొత్తది రాసేవాణ్ణి. కాబట్టి పాడైన ఫైలునే భద్రంగా దాచుకున్నానన్నమాట. పైగా సీ, డీ రెండూ ఒకే డిస్కు మీదివే!

ఫోన్ చేసి చెబితే, "పోతే పోనీలేరా, మళ్ళీ రాస్తాగా" అన్నారు. రాశారు కూడా, ఇంకో మూడేళ్ళు. ఆ తరవాత రాయడానికి ఆయన లేరు.

అప్పట్నించీ ఈ చరిత్ర కనబడితే చదువుతూ ఉంటాను. చదివినకొద్దీ నాకర్థమైంది ఒకటే: మెయిలు భద్రత అంటే రెండు ప్రశ్నలు. కాపీ ఎక్కడుంది? తాళం ఎవరి దగ్గరుంది? ఒకదానికే జవాబుంటే సరిపోదు.

తాళంతోనే మొదలుపెడదాం. 1960లలో ఎమ్ఐటీలో సీటీఎస్ఎస్ అని, ఒకే కంప్యూటరును చాలామంది పంచుకునే వ్యవస్థ ఉండేది. పాస్‌వర్డులు మొట్టమొదట వాడిన వ్యవస్థల్లో అదొకటి. 1965లో టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మోరిస్ దానికి మెయిల్ అనే కమాండు రాశారు. ఒకరికొకరు కబుర్లు వదులుకోవచ్చు. బానే ఉంది. కానీ 1962లోనే అలన్ షెర్ అనే విద్యార్థి, కంప్యూటరు మీద తనకిచ్చిన టైము చాలక, పాస్‌వర్డుల ఫైలు మొత్తం ప్రింటు తీయించుకున్నాడు. 1966లో ఇంకా విచిత్రం. ఇద్దరు అడ్మిన్లు ఒకేసారి ఎడిటర్ తెరిచారు, ఒకరు లాగిన్ సందేశం మారుస్తున్నారు, మరొకరు పాస్‌వర్డుల ఫైలు. ఎడిటర్ వాడే తాత్కాలిక ఫైలు పేరు ఒకటే కావడంతో రెండూ తారుమారై, లాగిన్ అయిన ప్రతివాడికీ అందరి పాస్‌వర్డులూ తెర... కాదు కాదు, అప్పట్లో టైపురైటరు మీద అచ్చయ్యాయి :-)

ఇక కాపీ సంగతి. 1986 నవంబరులో అమెరికాలో ఇరాన్-కాంట్రా కుంభకోణం బయటపడుతున్నప్పుడు, జాతీయ భద్రతా మండలిలో పనిచేసే ఆలివర్ నార్త్, ఆయన పైఅధికారి జాన్ పాయిండెక్స్టర్ తమ మెయిళ్ళు చెరిపేశారు. పాయిండెక్స్టర్ ఒక్కడే ఐదు వేలకు పైగా. వాళ్ళు వాడింది ఐబీఎమ్ వారి ప్రాఫ్స్. తెర మీద పోతే పోయిందనుకున్నారు పాపం. కానీ కంప్యూటర్లు చూసుకునేవాళ్ళు మామూలుగా తీసే బ్యాకప్పు టేపులున్నాయి. విచారణ సంఘం వాటిల్లోంచి మెయిళ్ళు బయటకి తీసింది. 1989 జనవరిలో, రీగన్ దిగిపోయే ముందురోజు, ఆ టేపులు చెరపకుండా ఆపమని కోర్టులో కేసు పడింది. 1993లో అప్పీలు కోర్టు ఈ మెయిళ్ళు కూడా ప్రభుత్వ రికార్డులేనని తేల్చింది.

ఇది చదివి మనవాళ్ళు సంబరపడక్కర్లేదు. ఆ టేపు నార్త్ కోసం తీసింది కాదు, ఆఫీసు కోసం తీసింది. మన ఆఫీసు బ్యాకప్పూ అంతే. మీకు పనికిరాని రోజున కూడా అది ఆఫీసుకి పనికొస్తుంది. మీరు ఉద్యోగం మానేసిన రోజున మీ అకౌంటు మూసేస్తారు, అందులో మీ అమ్మాయి మొదటి పుట్టినరోజు ఫొటోలున్నాయా అని ఎవరూ అడగరు. అలాగని ఆఫీసు మెయిళ్ళు పెన్ డ్రైవులో ఇంటికి మోసుకెళితే అది బ్యాకప్పు కాదు, దొంగతనం కిందకొస్తుంది.

2000 మే 4న ఐ లవ్ యూ వైరస్ ఫిలిప్పీన్స్‌లో పుట్టి అవుట్‌లుక్ అడ్రసు పుస్తకాల మీదుగా ప్రపంచమంతా పాకింది. ప్రేమలేఖ అనుకుని నొక్కితే, విండోస్ చివరి ఎక్స్‌టెన్షన్ దాచేయడం వల్ల అది స్క్రిప్టని తెలిసేది కాదు. ఫొటోల మీద తన కోడు రాసేసేది. ఆ కంప్యూటరుకి తగిలించిన నెట్‌వర్క్ డ్రైవులనీ వదిలేది కాదు. అంటే ఎప్పుడూ తగిలించి ఉంచిన బ్యాకప్పు కూడా ఒరిజినల్‌తో పాటే పోతుంది. 2017 మేలో వాన్నాక్రై వచ్చినప్పుడూ ఇదే కథ. దాన్ని ఆపే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. వేసుకోని చోటల్లా అది దూరింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఫైళ్ళకి తాళం వేయడమే కాదు, విండోస్ దాచే షాడో కాపీలను కూడా చెరిపేసేది.

మరి క్లౌడ్? 2011 ఫిబ్రవరి 27న జీమెయిల్ వాడేవారిలో సుమారు 0.02 శాతం మందికి ఇన్‌బాక్సు ఖాళీగా కనబడింది. వేర్వేరు డేటా సెంటర్లలో కాపీలున్నాయి, కానీ స్టోరేజీ సాఫ్ట్‌వేరులో వచ్చిన బగ్గు ఆ కాపీలన్నిటినీ తాకింది. నా డీ డ్రైవు కథే, కాకపోతే కాస్త ఖరీదైనది! చివరికి ఆదుకున్నవి టేపులే. నెట్‌వర్కుకి దూరంగా ఉన్నాయి కాబట్టి బగ్గు అంటలేదు.

2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీకి ఆ అదృష్టం లేకపోయింది. ఎవడో వాళ్ళ అమెజాన్ క్లౌడ్ కన్సోల్లో దూరి డబ్బడిగాడు. వాళ్ళు పాస్‌వర్డులు మార్చబోతే డేటా, బ్యాకప్పులు చాలామటుకు చెరిపేశాడు. కంపెనీ మూతపడింది. కాపీలున్నాయి, కానీ అన్నిటికీ ఒకటే తాళంచెవి.

ఇదంతా మావాడికి టీ తాగుతూ చెప్పాను. నవ్వలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి సొంత కంప్యూటరు మీద చేయమన్నది ఇంతే. గూగుల్ టేకౌట్‌తో మెయిళ్ళన్నీ దించుకో. 2005లో పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫరు తన పుస్తకంలో చెప్పిన 3-2-1 లెక్క పాటించు: మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట. పాత కాపీ మీద కొత్తది రాయకు. డిస్కు ఎన్‌క్రిప్ట్ చేసి, పని కాగానే ఊడదీసెయ్. దాని పాస్‌వర్డు మెయిలు పాస్‌వర్డు కాకూడదు. రికవరీ కీ కాగితం మీద రాసి ఇంట్లోవాళ్ళకి చెప్పు, ఆ కంప్యూటరులోనే దాచకు.

"ఇన్ని చేశాక అది పనిచేస్తుందని గ్యారంటీ ఏంటన్నా?" అన్నాడు. మంచి ప్రశ్న. తిరిగి తెచ్చి చూసేదాకా గ్యారంటీ లేదు.

నేను మూడు నెలలకోసారి చూస్తాను. డిస్కు తగిలించి, పాస్‌వర్డు కొట్టి, 2006 తరవాతి నాన్నగారి మెయిళ్ళలో ఏదో ఒకటి తెరుస్తాను. పోయినసారి వచ్చింది కరెంటు బిల్లు గురించి. మొత్తం చదివి, డిస్కు ఊడదీసి బీరువాలో పెట్టేశాను.