రోమకూపం, ఎ విటమిను: లోపచరిత్ర నుంచి బట్టతల చికిత్స వరకు

విజయవాడ వద్ద కృష్ణానదిపై 1855లో ఆనకట్ట పూర్తయిన తరువాత మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో వరిసాగు విస్తరించింది. అన్నం కడుపు నింపింది గాని అందులో ఎ విటమిను లేదు. ఆ లోటును పూడ్చవలసినవి ఆకుకూరలు, పాలు, నెయ్యి, చేపలు. ఇవి అన్ని ఇళ్ళకూ సమానంగా అందలేదు. ఈ డెల్టాలో ఎ విటమిను చరిత్ర మొదట లోపం చరిత్రే. బట్టతల మందుగా దానికి వచ్చిన పేరు చాలా తరువాతిది.

ఈ విటమినుకు రోమకూపంతో ఉన్న సంబంధం 1933లో స్పష్టంగా చర్చకు వచ్చింది. ఆ ఏడు సింహళంలో నికొల్స్, ఆఫ్రికాలో లోవెంతాల్ రోమకూపాల చుట్టూ చర్మం గరుకుగా పొక్కే స్థితిని వర్ణించి, దానిని ఎ విటమిను లోపానికి ముడిపెట్టారు. కప్పచర్మంతో పోల్చి దానికి ఫ్రైనోడెర్మా అని పేరు పెట్టారు. తరువాతి పరిశోధకులు బి విటమిన్లు, కొవ్వు ఆమ్లాల పాత్రను కూడా ముందుకు తెచ్చారు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కాడ్ చేప కాలేయ తైలం దిగుమతులు దెబ్బతినగా, నాటి మద్రాసు ప్రభుత్వం కాలికట్‌లో సొరచేప కాలేయ తైలం తీయించింది. కృష్ణాజిల్లా అప్పుడు ఆ రాష్ట్రంలోనిదే. కూనూరులో 1918లో మొదలైన పోషణ పరిశోధన సంస్థ 1950ల చివర హైదరాబాదుకు తరలివచ్చింది. దాని కృషి ఆధారంగా 1970లో ఒకటి నుంచి ఐదేళ్ళ పిల్లలకు ఆరునెలలకొకసారి 2 లక్షల యూనిట్ల ఎ విటమిను ఇచ్చే జాతీయ కార్యక్రమం ఆరంభమైంది. దాని లక్ష్యం చూపు కాపాడటం. జుట్టుతో దానికి పనిలేదు.

చర్మవైద్యం వేరే దారిన వచ్చింది. క్లిగ్‌మన్ బృందం 1969లో ట్రెటినాయిన్‌ను మొటిమలపై వాడి ఫలితాలు ప్రకటించింది. 1986లో బజ్జానో బృందం వంశపారంపర్య బట్టతల ఉన్న 56 మందిపై దానిని పరీక్షించింది. ట్రెటినాయిన్ ఒక్కటే వాడినప్పుడు సుమారు 58 శాతం మందిలో కొంత వెంట్రుక మొలిచిందని, 0.5 శాతం మినాక్సిడిల్‌తో కలిపినప్పుడు 66 శాతం మందిలో ముదురు వెంట్రుకలు వచ్చాయని నివేదించింది. సంఖ్య చిన్నది, దానిపై కట్టిన ఆశలు మాత్రం పెద్దవి.

ట్రెటినాయిన్ సొంత బలం కంటె సహాయక పాత్రే నమ్మదగినది. మినాక్సిడిల్ రోమకూపంలోని సల్ఫోట్రాన్స్‌ఫరేస్ అనే ఎంజైము ద్వారా సల్ఫేటుగా మారితేనే పనిచేస్తుంది. ఎంజైము తక్కువగా ఉన్నవారిలో ట్రెటినాయిన్ దానిని పెంచగలదని 2019 నాటి అధ్యయనం చూపింది. దీనికి ఎదురుసాక్ష్యం కూడా ఉంది: ప్రయోగశాలలో పెంచిన మానవ రోమకూపాలను రెటినాయిక్ ఆమ్లం ముందుగానే క్షీణదశకు నెట్టిందని 2005లో ఫోయిట్‌జిక్ బృందం తెలిపింది.

లోపమున్న బిడ్డకు ఇచ్చిన మోతాదునుంచి బట్టతలకు తర్కం లాగడం అందుకే చెల్లదు. ఎ విటమిను మితిమీరినా జుట్టు రాలుతుంది. లోనికి తీసుకొనే ఐసోట్రెటినాయిన్, అసిట్రెటిన్ మందులు వాడేవారిలో జుట్టు పలచబడటం తెలిసిన దుష్ఫలితమే. గర్భస్థ శిశువుకు అవి మరింత ప్రమాదకరం.