కహ్క్ కథ: దారుల్ ఫిత్ర నుంచి ఇంటి పొయ్యి దాకా

రంజాన్ చివరి రోజులలో కైరో నగరపు ఇళ్ళలో కమ్మని నేతి వాసన గుబాళిస్తుంది. ఈదుల్ ఫిత్ర్ నాడు అతిథుల ముందు పెట్టే ‘కహ్క్’ అనే బిళ్ళలు తయారయ్యేది అప్పుడే. నోట్లో వేసుకోగానే కరిగిపోయే ఈ పిండివంట ఫిరౌనుల కాలంనుంచి తెంపులేకుండా వస్తున్నదని ఈజిప్టులో బహుళ ప్రచారంలో ఉన్న మాట. దీనిని కొంచెం పరీక్షించవలసి ఉన్నది.

లక్సర్ వద్ద రెఖ్మిరె సమాధి గోడలమీద తీపి రొట్టెలు చేసే దృశ్యాలు ఉన్న మాట నిజమే. కాని పిండినీ తీపినీ కలిపి వండుకోని నాగరికత ఏది? పోలిక వేరు, పరంపర వేరు. పేరు చూసినా, అరబ్బీ ‘కఅక్’ పారశీక పదమైన ‘కాక్’ నుంచి వచ్చిందని భాషావేత్తలంటారు. 10వ శతాబ్దిలో బాగ్దాదులో ఇబ్నె సయ్యార్ అల్ వర్రాఖ్ కూర్చిన పాకశాస్త్రంలో కఅక్ ప్రస్తావన ఉన్నది. (ఇంగ్లీషు ‘కేక్’ దీనినుంచే పుట్టిందనే వారికి మాత్రం ఆధారం లేదు.) ఫిరౌనుల ఘనత చెప్పుకొనే తొందరలో మధ్యయుగపు చరిత్ర మరుగున పడిపోతున్నది. మనకు వ్రాతపూర్వకంగా దొరికే చరిత్ర అదే.

ఇఖ్షీదీల కాలంలో అబూ బక్ర్ అల్ మాదరాయీ అనే వజీరు విందులో కఅక్‌ల లోపల పూర్ణానికి బదులు బంగారు దీనార్లు పెట్టించాడట. ‘అఫ్తిన్ లహూ’ (కనిపెట్టి చూడు) అని సేవకుడు ఒక అతిథి చెవిలో ఊదితే, ఆ మాటే ఆ వంటకానికి పేరయిందని 15వ శతాబ్ది చరిత్రకారుడు మఖ్రీజీ వ్రాశాడు. దర్పానికి దానం వేషం వేయటమంటే ఇదే.

ఫాతిమీ ఖలీఫా అల్ అజీజ్ (975–996) పనిని వ్యవస్థీకరించాడు. ‘దారుల్ ఫిత్ర’ పేరుతో ఒక ప్రత్యేక వంటశాలనే నెలకొల్పాడు. రజబ్ మాసంనుంచే అక్కడ పని మొదలయ్యేది. వెయ్యి బరువుల పిండి, దానికి తగిన చక్కెర, పిస్తా, బాదం, ఖర్జూరం వచ్చిపడేవి. తయారైన మిఠాయిలు ఉద్యోగుల హోదానుబట్టి పళ్ళేలలో పంపబడేవి. ఫిత్ర అనగానే మనకు గుర్తుకు వచ్చేది పండుగ నమాజుకు ముందే పేదకు అందవలసిన ధాన్యం. ఇక్కడ పేరు అదే అయినా పంపకం మాత్రం హోదా ప్రకారం జరిగింది.

1171లో ఫాతిమీ రాజ్యం అంతరించింది, కాని కఅక్ అంతరించలేదు. మమ్లూకుల కాలంలో సుల్తాన్ అల్ నాసిర్ ముహమ్మద్ కుమార్తె తతర్ అల్ హిజాజియ్యా తన మదరసా సిబ్బందికి పండుగనాడు కఅక్ పంచాలని వక్ఫ్ పత్రంలోనే వ్రాయించింది. ఖలీఫా ఇష్టం మీద నడిచినది ఇప్పుడు షరతుగా, హక్కుగా మారింది. ఈ చరిత్రలో పెద్ద మలుపు ఇదేనని నా అభిప్రాయం.

ఇక ఇంటి సంగతి. కిలో పిండికి దాదాపు అరకిలో నెయ్యి. కాగిన నేతిని పిండిమీద పోసి, చల్లారాక అరచేతులతో రుద్దుతారు. ప్రతి రేణువుకూ నెయ్యి పట్టాలి. తరువాత పులిసిన ఈస్టు, నువ్వులు, ‘రీహతుల్ కహ్క్’ అనే సుగంధపు పొడి కలుపుతారు. ఎక్కువ పిసికితే గట్టిపడుతుంది. లోపల ఖర్జూరపు ముద్దో, తేనె–నెయ్యి పాకంలో కలిపిన అక్రోటు పూర్ణమో పెడతారు. మన కజ్జికాయకు పూర్ణం పెట్టినట్లే. ‘మిన్ఖాష్’ అనే చిన్న పట్టకారుతో పైన గీతలు తీరుస్తారు. పూర్వం చెక్క అచ్చులుండేవి; తిని కృతజ్ఞత చెప్పుమనే అర్థంగల అరబ్బీ మాటలు చెక్కిన అచ్చులు కైరో ఇస్లామీ కళల మ్యూజియంలో ఉన్నాయి.

ఇళ్ళలో పొయ్యి పెట్టెలు లేని రోజులలో స్త్రీలు రేకు పళ్ళేలను నెత్తిన పెట్టుకొని వీధి బట్టీకి మోసుకు వెళ్ళేవారు. ఒక్కొక్క ఇంటివారు గీసే గీత ఒక్కొక్క తీరు గనుక ఏ పళ్ళెం ఎవరిదో పోల్చుకొనే వీలుండేది. చల్లారాక పైన చక్కెర పొడి చల్లి ఇరుగుపొరుగుకు పంపుతారు. కిబ్తీ క్రైస్తవులు సైతం క్రిస్మసుకు, ఈస్టరుకు ఇదే కహ్క్ చేసుకొంటారు.